వయ్యారిభామను పూతకు రానీయరాదు

తొలకరి చినుకు పడగానే అనంతపురం జిల్లా రైతు గుంటక సిద్ధం చేసుకుంటాడు. చేలో తుంగ కనిపించినా, గరిక కనిపించినా ఊరుకోడు. కాని గెనిమ మీద, బండిబాట పక్కన, బడి ఆవరణలో తెల్లపూలతో ఏపుగా పెరిగే వయ్యారిభామ జోలికి ఎవరూ పోరు. తన చేలో లేదు కదా అని రైతు, తమ పని కాదని పంచాయతీ ఊరుకుంటున్నారు. ఈ ఉపేక్షకు జిల్లా ఒకసారి భారీ మూల్యమే చెల్లించింది.

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకింది. లేత ఆకులపై మచ్చలు వచ్చి, కాండం నల్లబడి, మొవ్వు ఎండింది. నెల లోపు పైరుకు సోకిన చోట మొక్కలు నిలువునా చచ్చిపోయాయి. జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలకు పైబడిందనీ శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వానను నమ్ముకుని ఏడాదికి ఒక్క పంట వేసే మెట్ట రైతుకు ఆ ఒక్క పంటా పోతే మిగిలేది అప్పే.

ఆ తెగులుకు ముఖ్యమైన ఆశ్రయం వయ్యారిభామేనని పరిశోధనలో తేలింది. వైరస్ ఉన్నా ఆ మొక్కపై ఏ లక్షణమూ కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి గాలికి ఎగిరి, తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకులపై పడుతుంది. పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. సోకిన తరువాత మొక్కను బాగుచేసే మందు లేదు. కనుక పూత రాకముందే వయ్యారిభామను తీసివేయడమే అసలైన నివారణ.

1955లో పూనా ప్రాంతంలో కనిపించిన ఈ అమెరికా ఖండపు మొక్క నేడు దేశమంతటా అల్లుకున్నది. మొలిచిన నాలుగు వారాలకే పూస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పశువులు తింటే పాలు చేదెక్కుతాయి. ఒట్టి చేతులతో పీకేవారికి దురదలు, పొక్కులు వస్తాయి. పుప్పొడి పీల్చినవారికి ఆయాసం, తుమ్ములు తప్పవు.

నివారణ పద్ధతులు ఖర్చుతో కూడినవి కావు. వానకు నేల మెత్తబడినప్పుడు చేతికి తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. పూయని మొక్కలను పేడతో కలిపి గుంతలో వేస్తే ఎరువవుతుంది. పూసిన మొక్కలను మాత్రం దిబ్బలో వేయరాదు. పంట లేని బంజరులో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి పూతకు ముందే మొక్క తడిసేలా చల్లవచ్చు; చేలో మాత్రం ఉప్పునీరు తగలనీయరాదు. మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలిన పెంకుపురుగు వానాకాలంలో ఈ మొక్క ఆకులను తిని మేలు చేస్తుంది. అది కనిపించిన చోట పురుగుమందు కొట్టరాదు.

వేరుశనగ చేను చుట్టూ కొన్ని వరుసలు జొన్న గాని, సజ్జ గాని దట్టంగా విత్తితే గాలితో వచ్చే తామర పురుగులకు అడ్డుకట్టగా నిలుస్తుంది. పొద్దుతిరుగుడుకూ ఇదే వైరస్ సోకుతుంది గనుక, దానిని వేరుశనగ పక్కన వేయకుండా ఉండడం మంచిది.

అయితే ఒక్క రైతు తన గెనిమ శుభ్రం చేసుకున్నంత మాత్రాన ప్రయోజనం లేదు. పక్క పొలం గట్టు మీద, రోడ్డు మార్జిన్‌లో, చెరువు కట్టపై పూసిన మొక్క అతని శ్రమను వమ్ము చేస్తుంది. రైతు సోదరులు ఇరుగుపొరుగుతో కలిసి ఒకే వారంలో గట్లన్నీ శుభ్రం చేసుకోవాలి. ఊరి ఉమ్మడి స్థలాల బాధ్యత పంచాయతీలు, రోడ్ల పక్క భూమి బాధ్యత ఆయా శాఖలు వహించాలి. వ్యవసాయ సిబ్బంది విత్తనాల పంపిణీతో సరిపెట్టక, విత్తుకు ముందే ఊరూరా ఈ పని జరిగేలా చూడాలి. పూత వచ్చాక సమావేశాలు పెట్టి లాభం లేదు. ఇప్పుడు పీకే ఒక్కొక్క మొక్క రేపటి శనగ చేనుకు కాపు.