గవర్నర్ ప్రసంగం ఎవరిది?



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "ఎవరో రాసిచ్చింది చదవడానికి గవర్నర్ ఏమన్నా రబ్బరు స్టాంపా?" 2025 జనవరి 6న చెన్నై శాసనసభలో గవర్నర్ రవి గారు ప్రసంగం చదవకుండానే లేచి వెళ్లిపోయారు కదా, ఆ సందర్భం. గ్రూపులో రెండు ముక్కల్లో చెబితే గొడవ అవుతుందని ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఓపికుంటే చదవండి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఒక్క ప్రసంగం వరకు, అవును, రాసిచ్చింది చదవాల్సిందే.

మన బెంగళూరువాళ్లకు దగ్గరి కథతో మొదలుపెడతాను. 1881 అక్టోబరులో, దసరా రోజుల్లో, మైసూరు సంస్థానంలో ప్రజాప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. దివాను రంగాచార్లు గారు లేచి సంస్థానం ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, ఏం చేశాం, ఏం చేయబోతున్నాం అని చదివి వినిపించారు. తర్వాతి దివాన్లూ ఏటా అదే పద్ధతి నడిపారు, మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారితో సహా. అక్కడ పేచీ లేదు. ఎందుకంటే ప్రభుత్వం నడిపేదీ దివానే, చదివేదీ దివానే.

పేచీ అంతా చేసేవాళ్లు ఒకరు, చదివేవాళ్లు ఒకరు అయినప్పుడే. ఇంగ్లండులో మంత్రులు రాసింది రాజు చదువుతాడు, "నా ప్రభుత్వం" అంటాడు. మన రాజ్యాంగం 176వ అధికరణం ఆ పద్ధతినే తెచ్చుకుంది. మొదట్లో ప్రతి సమావేశానికీ ప్రసంగం ఉండాలని రాశారు. 1951లో మొదటి సవరణతో ఎన్నికల తర్వాత మొదటి సమావేశానికి, ఏటా మొదటి సమావేశానికి కుదించారు. ప్రసంగం మీద ధన్యవాద తీర్మానం పెడతారు. అది ఓడిపోతే కుర్చీ కదిలేది ముఖ్యమంత్రిది, గవర్నర్‌ది కాదు. మరి మాట ఎవరిది?

ఎదుటి పక్షానికీ ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1967లో బెంగాల్‌లో అజయ్ ముఖర్జీ ప్రభుత్వాన్ని గవర్నర్ ధర్మవీర బర్తరఫ్ చేశారు. 1969లో అదే ముఖర్జీ గారు గెలిచి వచ్చి, ఆ బర్తరఫ్‌ను తప్పుపట్టే పేరాలు ప్రసంగంలో పెట్టారు. తనను తిట్టే మాట తన నోటితోనే చదవాలా? ధర్మవీర ఆ పేరాలు వదిలేశారు. మనిషిగా ఆయన మీద నాకు జాలే. కానీ ఆ రోజు తెరిచిన సందులోంచి ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు దూరుతున్నారు.

కేరళలో ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ గారిని చూడండి. 2020లో పౌరసత్వ చట్టాన్ని వ్యతిరేకించే పేరా వచ్చినప్పుడు, దీనితో నేను ఏకీభవించను, ముఖ్యమంత్రి కోరారు కాబట్టి చదువుతున్నాను అని చెప్పి చదివారు. భేష్! అభిప్రాయమూ నిలిచింది, పనీ జరిగింది. అదే మనిషి 2024లో చివరి పేరా ఒక్కటి చదివి, రెండు నిమిషాలు కాకముందే ముగించేశారు.

తమిళంలో దీన్ని 'ఆళునర్ ఉరై' అంటారు. నా చదువంతా తమిళ మీడియం కాబట్టి ఒక మాట చెబుతాను. ఉరై అంటే ప్రసంగం, పాత పద్యాలకు రాసే వ్యాఖ్యానమూ ఉరైయే. 2023లో రవి గారు పెరియార్, అంబేద్కర్, కామరాజ్ పేర్లున్న భాగం వదిలేసినప్పుడు, ఆయన రెండో అర్థం పట్టుకున్నారేమో అనుకున్నాను.

అయితే గవర్నర్లనే అంటే అన్యాయం. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఏం చేసింది? పాత సమావేశాలే కొనసాగుతున్నాయి, కొత్తవి కావు అని చెప్పి, గవర్నర్ తమిళిసై గారి ప్రసంగం లేకుండానే బడ్జెట్ పెట్టేసింది. మరుసటి ఏడాది బడ్జెట్‌కు ఆమె అనుమతి కోసం హైకోర్టుకెక్కింది. అక్కడ రాజీ కుదిరాక 2023 ఫిబ్రవరి 3న ప్రసంగం జరిగింది. గవర్నర్ మీద కోపంతో ప్రసంగాన్నే ఎత్తేస్తే, దానిమీద ఎమ్మెల్యేలు ఏడాది పాలన గురించి నిలదీసే చర్చ కూడా పోయింది. నాకు ఇది వాకౌట్ కన్నా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. వాకౌట్ అయితే టీవీలో అందరికీ కనబడుతుంది. ఇది ఎంతమందికి గుర్తుంది?

రైల్వే ఆఫీసులో నేను డ్రాఫ్టు రాస్తే ఆఫీసరు సంతకం చేసేవారు. నచ్చకపోతే పక్కన 'స్పీక్' అని రాసి ఫైలు తిప్పి పంపేవారు. వెళ్లి మాట్లాడేవాణ్ణి, ఒక వాక్యం మారేది, ఒక్కోసారి మారేది కాదు. సంతకం పెట్టాక మాత్రం ఆ ఉత్తరం ఆఫీసుది. ప్రసంగం డ్రాఫ్టు కూడా ముందే గవర్నర్‌కు వెళ్తుంది. అభ్యంతరం చెప్పాల్సింది అప్పుడు, నిండు సభలో మైకు ముందు కాదు.

మన కర్ణాటక ప్రసంగాన్నే తీసుకోండి. వర్తూరు చెరువు గురించి అందులో ఒక్క వాక్యం ఉన్నా, రేపు మన ఎమ్మెల్యేను పట్టుకుని అడగడానికి అదే కాగితం. గవర్నర్ ఆ వాక్యం చదవకపోతే ఎవరిని అడుగుతాం?

ఇంకొక చిన్న మాట. మన సంఘం వార్షిక నివేదిక కార్యదర్శి గారు రాస్తారు, అధ్యక్షుల వారు చదువుతారు. పోయినసారి మధ్యలో ఆపి "ఇది నాకు తెలియదే" అన్నారు, అందరం నవ్వాం. ఈసారి కాపీ వారం ముందే వారి చేతికి ఇవ్వమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.