పాత బట్టకు కొత్త మర్యాద

నగరాల్లోని విద్యావంతులు పాత బట్టలు కొనడాన్ని ఇప్పుడొక నాగరిక లక్షణంగా భావిస్తున్నారు. ‘వింటేజ్’, ‘థ్రిఫ్ట్’ అన్న పేర్లతో ఇన్‌స్టాగ్రామ్‌లో దుకాణాలు వెలిశాయి. ఒక నూలు టీషర్టు తయారీకి సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. ఆ లెక్క చూస్తే, ఉన్న బట్టనే మరికొన్నేళ్లు వాడాలన్న ఆలోచనను ఎవరూ కాదనరు. అయితే ఒకరు విడిచిన బట్టను మరొకరు కట్టుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. ఇన్నాళ్లూ ఎవరు విడిచారు, ఎవరు కట్టుకున్నారు అన్నదే అసలు ప్రశ్న.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు శవాల మీది వస్త్రాలను దుస్తులుగా విధించింది. సేవ చేసే శూద్రుడికి ఎంగిలి అన్నంతో పాటు జీర్ణవస్త్రాలు ఇవ్వాలని అదే అధ్యాయం చెప్పింది. ఆ విధి గ్రంథంలోనే ఉండిపోలేదు. తెలుగు పల్లెల్లో మైలబట్ట చాకలి చేతికి వెళ్లింది; శవం మీది గుడ్డ కాటికాపరికి దక్కింది; భూస్వామి విడిచిన పంచె పాలేరుకు పండుగ బట్ట అయింది. నేటికీ ఎన్నో ఇళ్లలో పనిమనిషి జీతం పెంచమని అడిగితే పాత చీరల మూట జవాబుగా వస్తుంది. ఇచ్చేవారు దాన్ని దానమంటారు. పుచ్చుకునేవారికి మాత్రం ఆ ఇంట్లో తమ స్థానమేమిటో తెలిసివస్తుంది.

అందుకే అణగారిన కులాల పోరాటాల్లో వస్త్రానికి అంత ప్రాధాన్యం వచ్చింది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం ధరించే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే గాని 1859లో రాజప్రకటన వెలువడలేదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని చాటే కట్టును విడనాడాలని కోరారు. ఊరూరా ఆయన విగ్రహం సూటుతో నిలబడటం వెనుక ఈ చరిత్రే ఉంది. దళితవాడ యువకుడు పండుగకు కొత్త చొక్కా కొంటే దాన్ని వినియోగ వ్యామోహమని విమర్శించేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. చిరుగుల జీన్స్ తొడిగిన సంపన్నుడి హోదాను ఎవరూ శంకించరు. అదే చిరుగు పేదవాడి ఒంటిమీద అతడి హీనతకు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇక్కడ మరొక అన్యాయమూ ఉంది. పాత బట్టను పారబోయకుండా తిరిగి వాడుకలోకి తెచ్చే పనిని ఈ దేశంలో తరతరాలుగా చేస్తున్నవారున్నారు. స్టీలు సామాను నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి, గిన్నెకు బదులుగా పాత బట్టలు తీసుకునే స్త్రీలు వారు. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో తెల్లవారకముందే మొదలయ్యే పాత బట్టల సంతను నడిపేది ప్రధానంగా వాఘ్రీలు. గుజరాత్‌లో వారు విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. పానిపట్‌లో విదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని దుస్తులకు గుండీలు, జిప్పులు కోసి, రంగులవారీగా వేరుచేసి, చవక కంబళ్లకు నూలుగా మార్చే కార్మికులున్నారు. ఆ దుమ్మును పీల్చేది వారి ఊపిరితిత్తులే. వీరిని పర్యావరణ పరిరక్షకులని ఎవరూ పిలవరు. అదే బట్ట ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటో తీసి అమ్మితే మాత్రం అది ఉద్యమమవుతుంది.

పాత బట్ట కొనవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొనేవారు ఆ బట్ట ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగాలి. ఏరి, ఉతికి, అతుకు వేసిన శ్రమకు దక్కిన వాటా ఎంతో అడగాలి. ఇంటి పనివారికి ఇచ్చే బట్టలను జీతంలో భాగంగా లెక్కించడం మానాలి. తిరుగుతూ వ్యాపారం చేసేవారిని కూడా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం గుర్తించింది. పట్టణ వెండింగ్ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలని నిర్దేశించింది. పాత బట్టల స్త్రీలకు గుర్తింపు కార్డు, సంతకు స్థలం ఇవ్వడానికి మన పురపాలక సంఘాలకు కొత్త చట్టమేదీ అవసరం లేదు.

బట్టకు రెండో జీవితం ఇవ్వడం మంచిదే. దాన్ని ఇన్నాళ్లూ బతికించిన చేతులకు మొదటి మర్యాదైనా దక్కనంతకాలం అది సగం న్యాయమే.