ఆధారాలు లేవా, సేకరించలేదా?

గర్భిణులకు కొవిడ్ టీకా వేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జులై 2న అనుమతించింది. దేశంలో టీకాల కార్యక్రమం మొదలై అప్పటికి అయిదున్నర నెలలైంది. రెండో ఉద్ధృతి వచ్చి, వెళ్లింది. ఇంతకాలం గర్భిణులను ఎందుకు ఆపారంటే ప్రభుత్వం చెబుతూ వచ్చిన సమాధానం జనవరి 14న రాష్ట్రాలకు రాసిన లేఖలోనే ఉంది. ఏ కొవిడ్ టీకా ప్రయోగంలోనూ గర్భిణులు, బాలింతలు లేరు కాబట్టి వారికి వేయరాదన్నది దాని సారాంశం. తల్లీబిడ్డల క్షేమం కోసమే ఈ జాగ్రత్త అన్నది దాని అంతరార్థం. అనుమతి ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించవచ్చు. ఆ సమాధానాన్ని మాత్రం ప్రశ్నించకుండా వదిలేయడానికి వీల్లేదు. రేపటి టీకాకూ, ఎల్లుండి మహమ్మారికీ అదే సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ప్రయోగాల్లో గర్భిణులు లేరన్న మాట నిజం. ఎందుకు లేరన్నది ఆ లేఖ చెప్పదు. వారు రాలేమనలేదు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు అన్న నిబంధనలు ప్రయోగ ప్రణాళికలోనే ఉంటాయి. మహిళా వలంటీరుకు ముందుగా గర్భ నిర్ధారణ పరీక్ష చేస్తారు, గర్భం ఉంటే వెనక్కి పంపుతారు. ఆ ప్రణాళికకు ఆమోదముద్ర వేసేది దేశ ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ). హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌ను భారత్ బయోటెక్‌తో కలిసి రూపొందించింది భారత వైద్య పరిశోధన మండలి. కొవిషీల్డ్‌పై మనదేశంలో జరిగిన ప్రయోగంలో సీరం సంస్థకు తోడుగా నిలిచిందీ అదే మండలి. మండలి, డీసీజీఐ రెండూ ఆరోగ్య శాఖ గొడుగు కిందివే. అంటే గర్భిణులను బయట నిలబెట్టినవారు, వారు లోపల లేరు కాబట్టి టీకా ఇవ్వలేమన్నవారు ఒకే శాఖవారు. బడి తలుపుకు తాళం వేసి, పిల్లలెవరూ రాలేదని హాజరుపట్టీలో రాసుకున్నట్టుంది ఈ వాదన.

ఆధారాల విషయంలో ప్రభుత్వం నిజంగానే అంత పట్టుదలగా ఉండి ఉంటే కొంతైనా అర్థం చేసుకోవచ్చు. కొవాగ్జిన్‌కు జనవరి 3న అత్యవసర అనుమతి దక్కేనాటికి 25,800 మందితో తలపెట్టిన మూడోదశ ప్రయోగం నుంచి సమర్థతపై ఒక్క అంకె కూడా బయటికి రాలేదు. మధ్యంతర ఫలితం మార్చి 3న వచ్చింది. తుది విశ్లేషణ, విచిత్రంగా, గర్భిణులకు అనుమతి వచ్చిన మర్నాడు వెలువడింది. ఆ లోటు తెలిసే, మొదటి వారాల్లో టీకా తీసుకునేవారి చేత అంగీకార పత్రంపై సంతకం చేయించుకున్నారు. మామూలు నర్సు సంతకం పెట్టి, సందేహాలున్నా టీకా వేయించుకునే వీలుండేది. పక్కనే పనిచేసే గర్భిణి నర్సుకు మాత్రం సంతకం పెట్టే అవకాశమే లేకపోయింది. సమర్థత తేలకుండా లక్షలమందికి టీకా ఇవ్వడం అత్యవసరమైతే, ఎక్కువ ముప్పున్న మనిషికి అదే టీకాను ఆమె ఇష్టపడ్డా ఇవ్వకపోవడం జాగ్రత్త ఎలా అవుతుంది?

మే నెలలో జరిగింది ఇంకా విడ్డూరం. కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య విరామాన్ని 12-16 వారాలకు పెంచాలని జాతీయ సాంకేతిక సలహా బృందం సిఫార్సు చేస్తే కేంద్రం మే 13న ఒప్పేసుకుంది. అందుకు ఆసరా ప్రధానంగా బ్రిటన్ అనుభవం. గర్భిణులకు టీకా ఎంచుకునే వీలు కల్పించాలన్న సలహా కూడా అదే బృందం నుంచి, అదే సమయంలో వచ్చింది. దాని మీద మాత్రం ఇంకా చర్చ జరుగుతోందని మే 19న ప్రకటించారు. బాలింతలకు ఆ రోజు దారి ఇచ్చారు. గర్భిణులు మరో ఆరు వారాలు ఆగాల్సి వచ్చింది. టీకాల కొరతను తట్టుకోవడానికి పనికొచ్చే సలహాకు అంత వేగం, గర్భిణికి పనికొచ్చే సలహాకు ఇంత నింపాది!

అదే మే నెలలో రెండేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల వారి వరకు కొవాగ్జిన్‌ను పరీక్షించేందుకు డీసీజీఐ అనుమతించింది. 525 మందితో ఆ ప్రయోగం జూన్‌లో మొదలైంది కూడా. పిల్లలు సొంతంగా అంగీకారం చెప్పలేరు, కొవిడ్ వారిలో తీవ్రమయ్యేది అరుదు. అయినా వారికోసం పకడ్బందీగా ప్రయోగం రూపొందించగలిగారు, అది సరైన పనే. తన మేలుకీడులు తాను తేల్చుకోగల వయోజన మహిళకోసం అలాంటి ప్రయోగాన్ని ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ ఆదేశించలేదు. ఫైజర్ ఫిబ్రవరిలోనే గర్భిణులతో ప్రయోగం ప్రారంభించింది. అమెరికాలో ఎంచుకునే హక్కు 2020 డిసెంబరు నుంచే ఉంది. అక్కడ టీకా వేయించుకున్న 35 వేలమందికి పైగా గర్భిణుల సమాచారం ఏప్రిల్‌లో ప్రచురితమైంది, అందులో ఆందోళనకరమైన సంకేతాలేవీ కనిపించలేదు. అక్కడ వాడినవి ఎంఆర్ఎన్ఏ టీకాలు, మనవి వేరన్న అభ్యంతరం సహేతుకమే. అయితే మన టీకాలపై మన గర్భిణుల సమాచారం ఎందుకు లేదన్న మొదటి ప్రశ్నకే అది తిరిగి తీసుకొస్తుంది.

గర్భిణులను పరిశోధనకు దూరంగా ఉంచాలనేవారు థాలిడమైడ్ పేరెత్తుతారు. ఆ చరిత్ర వారి వాదనకు సాక్ష్యం కాదు, పూర్తిగా వ్యతిరేకం. 1957లో పశ్చిమ జర్మనీలో విడుదలైన ఆ మందును వేవిళ్లకు సైతం నిరపాయకరమని అమ్మారు. గర్భిణులపై క్రమబద్ధంగా పరీక్షించకుండానే అమ్మారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోగా ప్రపంచంలో పది వేలమందికి పైగా శిశువులు అవయవ లోపాలతో పుట్టారు. ఆ ఘోరం పరిశోధనశాలలో జరగలేదు, మందుల దుకాణాల మీదుగా ఇళ్లలో జరిగింది. జాగ్రత్తగా పరీక్షించి ఉంటే కొద్దిమందితోనే ఆగిపోయేది. దాన్నుంచి తప్పుడు పాఠం నేర్చిన అమెరికా 1977లో గర్భం దాల్చే వయసున్న మహిళలను తొలిదశ ప్రయోగాల నుంచి తప్పించింది, 1993లో ఆ వైఖరి మార్చుకుంది. గర్భిణుల ఆరోగ్యానికి అవసరమైన పరిశోధనను ప్రోత్సహించి తీరాలని అంతర్జాతీయ నైతిక మార్గదర్శకాలు 2016లో స్పష్టంగా చెప్పాయి. మహిళలకు పరిశోధన ప్రయోజనాలను అకారణంగా దూరం చేయరాదని మన వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలూ అంటున్నాయి. సొంత మాటను మండలి సొంత టీకాకే వర్తింపజేసుకోలేదు.

పైగా ఇదేమీ తెలియని దారి కాదు. కొవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. అదే తరహాలో తయారైన ఫ్లూ టీకాకు గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2012లో సూచించారు. మన పల్లెల్లో ధనుర్వాతం సూది లేని గర్భం అరుదు. ఆ సూదితోనూ, ఆసుపత్రి ప్రసవాలతోనూ బాలింతలను, పసికందులను కబళించే ధనుర్వాతాన్ని ఈ దేశం నిర్మూలించిందని 2015లో గుర్తింపు దక్కింది. గర్భిణికి టీకా వేయడంలో ఇంత అనుభవమున్న ఆరోగ్య వ్యవస్థ మరొకటి ఉండటం కష్టం.

ఆగినందువల్ల ఏమైందో మండలి లెక్కలే చెబుతున్నాయి. కొవిడ్ సోకిన గర్భిణులు, బాలింతలపై జూన్‌లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం తొలి ఉద్ధృతిలో నమోదైన 1,143 మందిలో 0.7 శాతం చనిపోతే, రెండోదాంట్లో 387 మందిలో 5.7 శాతం చనిపోయారు. లక్షణాలు కనిపించినవారు 14.2 శాతం నుంచి 28.7 శాతానికి పెరిగారు. పద్దెనిమిదేళ్లు నిండిన అందరికీ టీకా తలుపు తెరిచింది మే 1న, అదీ డోసులకు కరవున్న వేళ. కాబట్టి ముందే అనుమతించినా చాలామంది గర్భిణులకు టీకా అందేది కాదన్న మాట కొట్టిపారేయలేనిది. ఆ మాట వర్తించనివారూ ఉన్నారు. నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు, ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికులు, యువ వైద్యులు జనవరి 16 నుంచే వరుసలో ముందున్నారు. వారిలో పిల్లల్ని కనే వయసులోని మహిళలు అత్యధికం. వారిలో గర్భిణులైనవారు పక్కవారికి టీకా వేస్తూ, తాము టీకా లేకుండా రెండో ఉద్ధృతిని ఎదుర్కొన్నారు. దీనికి రక్షణ అని పేరు పెట్టడం కన్నా క్రూరమైన హాస్యం ఉండదు.

కాంగోలో సరిగ్గా ఇలాగే జరిగింది. 2018 ఆగస్టులో ఉత్తర కివూలో ఎబోలా మొదలైనప్పుడు గర్భిణులకు, బాలింతలకు టీకా నిరాకరించారు. ఎబోలా సోకిన తల్లి కడుపులో బిడ్డ బతకడం దాదాపు అసాధ్యమని తెలిసీ నిరాకరించారు. ఆ టీకాపై గినీలో 2015లో జరిగిన ప్రయోగంలో గర్భిణులు లేరు, ఆధారాలు లేవు అన్నదే అక్కడి జవాబు. అది సజీవ వైరస్ ఉన్న టీకా కాబట్టి సందేహానికి కాస్త చోటుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2019 ఫిబ్రవరిలో తమ సలహా మార్చుకున్నారు. ఆ విషాదం మీద ఎన్నో వ్యాసాలు, నివేదికలు వచ్చాయి. రెండేళ్లయినా గడవకముందే అదే తప్పు, అదే మాటలతో ఢిల్లీలో పునరావృతమైంది.

అనుమతి వచ్చాక భారం క్షేత్రస్థాయి సిబ్బంది మీద పడింది. వద్దని అయిదున్నర నెలలు చెప్పిన ఆశా కార్యకర్తే వేయించుకోమని ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సి వచ్చింది. అత్తగారు, భర్త, పక్కింటివారు అడిగే మొదటి ప్రశ్న ఆమెకు ముందే తెలుసు: అప్పుడు ప్రమాదమన్నారు, ఇప్పుడెలా మంచిదైంది? ప్రమాదమని ఎన్నడూ తేలలేదని, పరీక్షించలేదంతేనని ఆమె నచ్చజెప్పాల్సి వచ్చింది. 2016-18 లెక్కల్లో ప్రసూతి మరణాలు లక్ష సజీవ జననాలకు దేశంలో 113 ఉంటే తెలంగాణలో 63, ఆంధ్రప్రదేశ్‌లో 65. ఈ సంఖ్యలు ఇంత తగ్గింది ఏఎన్ఎంలు, ఆశాల మాట మీద ఇళ్లలో ఉన్న నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని ఢిల్లీ లేఖ కోసం ఖర్చుపెట్టించడం అన్యాయం.

టీకా తీసుకున్న ప్రతి గర్భిణి వివరాలూ ప్రసవం దాకా, ఆ తర్వాత శిశువు ఎదుగుదల దాకా నమోదు చేస్తే లేవన్న ఆధారాలు కొన్ని నెలల్లోనే చేతికొస్తాయి. తల్లీబిడ్డల కార్డు ఇప్పటికే ప్రతి ఊళ్లో ఉంది, దాన్ని కొవిడ్ టీకాల నమోదు వేదిక కొవిన్‌తో కలపడం పెద్ద పనేమీ కాదు. కొత్త టీకాల విషయంలో ఆధారాలు లేవన్న సాకు కూడా మిగలకూడదు. జైడస్ సంస్థ తన టీకాకు అత్యవసర అనుమతి కోరుతూ జులై 1న దరఖాస్తు చేసింది. 28 వేలమందితో చేసిన ఆ ప్రయోగంలో పన్నెండేళ్లు దాటిన పిల్లలూ ఉన్నారు. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ టీకా అప్పటికి ఇంకా మూడోదశలోనే ఉంది. దాని 30 కోట్ల డోసులకు కేంద్రం 1,500 కోట్ల రూపాయలు ముందుగానే కేటాయించింది. ప్రజాధనం ఇస్తున్నవారికి షరతులు పెట్టే హక్కుంది. జంతువులపై గర్భధారణ సంబంధ పరీక్షలు ఎప్పుడు పూర్తవుతాయి, గర్భిణులతో ప్రయోగం ఏ తేదీన మొదలవుతుంది అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు లేనిదే ఈ రెండు టీకాల్లో దేన్నీ డీసీజీఐ ముందుకు కదలనివ్వకుండా ఉండాల్సింది.