ఇంటి ముచ్చట్లు: అవ్వ పెట్టె, మనుమడి ఆట

చెన్నపట్నంలో దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలయింది గాని, మన ఇళ్ళల్లో పొద్దస్తమానం తెలుగు వినబడడం 1995లో జెమినీ, ఈటీవీలు వచ్చిన తరువాతనే. బడిలో తమిళమూ, ఇంగ్లీషూ చదివే పిల్లవాండ్రకు అవ్వ పక్కన కూర్చుని చూసిన సీరియళ్ళే తెలుగు వాచకాలయినవి. వాటిలో ఏడుపు కాస్త ఎక్కువే. అయినా భాష మనదే గదా!

ఇప్పుడు షోళింగనల్లూరు అపార్టుమెంట్లలో చూడండి. టీవీ కింద ఆటపెట్టె చేరింది. అది లేనిచోట చేతిలో సెల్‌ఫోను. 2020లో పబ్జీని నిషేధిస్తే మరుసటి ఏడాదే వేరే పేరుతో తిరిగివచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆ బెడద వేరు. ఉత్త ఆటల మీద నాకు పగ లేదు. నోరు తెరుచుకుని టీవీ చూడడం కంటె అది నయమే. నా బెంగల్లా ఒక్కటే: హెడ్‌ఫోను తగిలించుకున్న మనుమడు ఇంగ్లీషులో అరుస్తూంటాడు, అవ్వ తన గదిలో, తన ఫోనులో, ఒంటరిగా సీరియలు చూసుకుంటుంది. ఇద్దరూ కలిసి వినే తెలుగు మాట ఏదీ?

ఒక ఇంటి ఇల్లాలు మంచి షరతు పెట్టింది. అవ్వకు తెలుగులో చెప్పి ఆట నేర్పితే అరగంట అదనం. కుడి ఏదో, ఎడమ ఏదో ఆ అబ్బాయి మొదటి రోజునే నేర్చుకున్నాడు. అవ్వ కారు మాత్రం ఇంకా గోడకే పోతున్నదట.