యువజనులు లేని సంధి

ఎవరి బ్రదుకులను గూర్చి సంధి జరుగునో వారిని వాకిట నిలిపి, లోపల సంతకములు చేయుట న్యాయము గాదు. ఆఫ్ఘనిస్థానమున జరిగినది ఇదియే యని మా యభిప్రాయము.

కాబూలు విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించిన ఆయేషా ఖుర్రం అను యువతి 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితికి తన దేశపు యువజన ప్రతినిధిగా నుండెను. శాంతియత్నములందు యువతీయువకులకు పాలుండవలెనని యామె వాదము. ఈ కోర్కె క్రొత్తది గాదు. 2015 డిసెంబరు 9వ తేదీననే భద్రతామండలి తన 2250వ తీర్మానమున, సంధి సంప్రదింపులలో యువజనులకు స్థానము హెచ్చింపుడని సకల రాజ్యములకును చెప్పియున్నది.

మరి జరిగినదేమి? 2020 ఫిబ్రవరి 29న దోహా నగరమున అమెరికావారును తాలిబానులును ఒడంబడికపై సంతకములు చేసిరి. ఆఫ్ఘన్ ప్రభుత్వమునకే యందు పాలు లేదు. ఇక యువజనుల మాట చెప్పనేల? స్త్రీవిద్యను గూర్చి యందొక్క వాక్యమైనను లేదు. సెప్టెంబరులో ఆఫ్ఘనులు తమలో తాము మాటలాడుకొన నారంభించిరి. ఆ మాటలు సాగుచుండగనే, నవంబరు 2న సాయుధులు కాబూలు విశ్వవిద్యాలయముపై బడి 20 మందికి పైగా బలిగొనిరి. ఆ ఘాతుకము తమదని ఐసిస్‌వారు చెప్పుకొనిరి. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబానుల వశమయ్యెను. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయముల తలుపులు స్త్రీలకు మూయబడెను.

యువకులకు అనుభవము చాలదని కొందరందురు. 1978 మొదలు ఆ దేశమును రణభూమి గావించినవారు అనుభవశాలురే గదా! పోరున గూలుటకు చాలిన వయస్సు సంధి మాటలాడుటకు చాలదనుట యే ధర్మశాస్త్రమున గలదు? మన న్యాయస్థానములలో మైనరు పక్షమున సంరక్షకుడు రాజీ పడదలచినచో కోర్టువారి యనుమతి పొందవలెను. పొందని రాజీ ఆ మైనరును బంధింపజాలదు. పసివాని కున్న ఈ రక్షణమైనను, ఓటు వేసి తుపాకి మోసిన ఆఫ్ఘన్ యువజనులకు దోహాలో లభింపలేదు.

వారుండినచో కాబూలు నిలిచియుండెడిదని మేము చెప్పజాలము. తమ బడి తలుపు మూతపడరాదను షరతును కాగితమున కెక్కింపుడని పట్టుపట్టువారైనను అచట నుండెడివారు.

2024 జూన్ 30న దోహాలోనే ఐక్యరాజ్యసమితి సమకూర్చిన సభకు తాలిబానులు వచ్చిరి. ఆఫ్ఘన్ స్త్రీలను, పౌరసంఘములవారిని ఆ సభలో గూర్చుండనీయక, పిమ్మట వేరుగా బిలిచి మాటలాడిరి. తన తీర్మానమును తానే మరచుట ఆ సంస్థకు తగునా? ఇకమీద తాలిబానులతో మాటలాడు ప్రతి రాజ్యమును, మన భారత ప్రభుత్వముతో గూడ, ఆఫ్ఘన్ యువతీయువకులను వేరుగదిలో గాక ఆ బల్లయొద్దనే కూర్చుండబెట్టి వినవలెను.