గొట్టానికి గుండు చేయని చేటు

ఖరగ్‌పూర్‌లో ఆషాఢం వచ్చిన తరువాత ఇనుమును నమ్మడం కష్టం. తుడిచి పెట్టిన పనిముట్టు మీద కూడ నాలుగు రోజులు తిరగకుండానే ఎర్రని పొడ కనిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలను విడిచి వెళ్ళి, అక్కడి వర్క్‌షాపులో బ్రతుకు వెళ్ళదీసిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే ఇనుముతో ఇంతటి పరిచయం ఉన్నవారి చేతికి, ఆ ఇనుముతోనే చేసిన రైఫిల్ చాలాకాలం అందలేదు. 1920లో ఏర్పడిన ఆగ్జిలరీ ఫోర్సు రైల్వే దళాలలో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులకే చోటు. ఇంజన్లు తుడిచే తెలుగు కూలీకి తుపాకీ పట్టే అర్హత లేదు. 1947తో ఆ దళాలు అంతరించినవి. మరుసటి సంవత్సరమే ఎన్.సి.సి. చట్టం వచ్చినది. ఈనాడు అక్కడి విద్యార్థికి, విద్యార్థినికి మొట్టమొదట చేతికి వచ్చే తుపాకీ .22 రైఫిల్. ఒక్క రైఫిల్‌తో ఎందరో కేడెట్లు గురి నేర్చుకోవలసి ఉంటుంది. కనుక ఒకరు చేసిన అశ్రద్ధ తరువాతివారి గురికి తగులుతుంది.

.22 అనగా గొట్టపు రంధ్రం అంగుళంలో నూటికి ఇరవై రెండు వంతులు, సుమారు 5.6 మిల్లీమీటర్లు. గుండు బరువు రెండున్నర గ్రాములకు కొంచెం పైన. చిన్నదని చులకన చేయరాదు. అడ్డు లేనిచో అది కిలోమీటరున్నర దూరం పోగలదు. “శుభ్రం చేస్తూండగా పేలినది” అనే వార్త పత్రికలలో అడపా తడపా కనిపిస్తూనే ఉంటుంది. అలా పేలిన తుపాకీ ప్రతిదీ అంతకు ముందు ఖాళీదని ఎవరో అనుకున్నదే. కాబట్టి మూతిని మనుషులు లేని దిక్కుకు త్రిప్పి, మాగజైన్ తీసి, బోల్టు తెరచి, తూటా లేదని కంటితో చూసి, చిటికెనవేలి కొనతో తడిమి, ఆ తరువాతనే గుడ్డ ముట్టుకోవాలి. తూటాల పెట్టె ఆ గదిలోనే ఉండరాదు.

ఇక శుభ్రం చేయడమెందుకన్న ప్రశ్నకు వెనుకటి తరం ఇచ్చే సమాధానం ఉప్పు. ఆనాటి తూటాలలో నిప్పు రగిలించే మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలిన తరువాత గొట్టంలో పొటాషియం క్లోరైడుగా మిగులుతుంది. ఇది మన వంట ఉప్పుకు దాయాది. గాలిలోని తేమను లాగి ఉక్కును తినివేస్తుంది. నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. సిపాయిలు రైఫిల్ గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోయడంలోని రహస్యం ఇదే. వేడెక్కిన ఉక్కు తడిని తానే ఆర్చుకుంటుంది. 1920ల చివర నుంచి తుప్పు పట్టించని మందులు వచ్చి .22 తూటాల తీరు మారిపోయినది. ఇప్పుడు గొట్టంలో మిగిలేది కొంత సీసం, కొంత మైనం, కొంత మసి. అందులో మైనపు పొర ఉక్కుకు కొంత రక్ష కూడా. అయినా పాత అలవాటు కొద్దీ తోమినదే తోమేవారు ఉన్నారు.

ఈ తోముడే అసలు ప్రమాదం. మెత్తని సీసపు గుండ్లు వేలకొలది కాల్చినా అరగని గొట్టం, వంకర కడ్డీతో చేసిన మోటు శుభ్రానికి పాడవుతుంది. గుండు బయటకు వెళ్ళేటప్పుడు చివరిగా తాకేది మూతి అంచు. అక్కడ వెంట్రుకవాసి అరుగుదల ఉన్నా గుండు ఒక ప్రక్కకు వాలుతుంది. అందుకే బోల్టు తీసివేసి, వెనుక నుంచి ముందుకు శుభ్రం చేయాలి. ఎన్.సి.సి. వాడుకలోని పుల్‌త్రూ తాడునైనా నిటారుగా లాగాలి. గిలక లేని నూతి ఒరను చేంతాడు కోసినట్లు, వాలుగా లాగిన తాడు ఉక్కును సైతం కోస్తుంది. కంచు బ్రష్షును గొట్టం మధ్యలో వెనుకకు త్రిప్పరాదు. పూర్తిగా బయటకు పంపాలి.

నూనె విషయంలో మన చేయి ఎప్పుడూ ధారాళమే. గొట్టంలో పలుచని పొర చాలు. ఎక్కువైన నూనె బోల్టులోకి దిగి మసితో కలసి జిగురవుతుంది. కాల్చబోయే ముందు గొట్టంలోని నూనెను పొడిగుడ్డతో తీసివేయాలి. లేనిచో మొదటి గుండు ఎటు పోతుందో చెప్పలేము. చేతి చెమటలోనూ ఉప్పు ఉన్నది గనుక బయటి ఉక్కును కూడ తుడవాలి. వానకాలంలో రైఫిల్‌ను తోలు సంచిలో దాచడం తడిగుడ్డలో చుట్టడంతో సమానం. కఱ్ఱ భాగానికి అవిసెనూనె మంచిది. పని ముగిసిన తరువాత, సీసం విషమని గుర్తుంచుకొని, చేతులు సబ్బుతో కడుగుకొన్న పిమ్మటనే అన్నం ముట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకో లక్ష్యపు కొలత చెబుతుంది. 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో, మూడు భంగిమల .22 రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కూడ రైల్వే ఉద్యోగియే. ఆనాటికి పూణెలో టికెట్ కలెక్టరు.

గొట్టంలోంచి వచ్చిన గుడ్డను పారవేసే ముందు ఒకసారి చూడడం మంచి ఆయుధకారుల అలవాటు. నలుపు మసి, బూడిదరంగు సీసం, ఎర్రగోధుమరంగు తుప్పు. ఆకుపచ్చ కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు. శుభ్రం చేసే ద్రావకం కంచు బ్రష్షును తింటున్నదన్నమాట.