షెంజెన్ వైభవము – బయ్యారము నిరీక్షణము

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున మహబూబాబాదు దాటిన పిదప, డోర్నకలు కూడలికి ముందుగా, గార్ల స్టేషను వచ్చును. దేశపు ఉత్తర దక్షిణములను కలుపు ముఖ్యమార్గమిది. వేగముగా పోవు బండ్లలో పెక్కు ఇచ్చట ఆగవు. ఈ ఊరికి చేరువనే బయ్యారము గుట్టలు కలవు. వానిలో ఇనుపరాయి కలదు. డోర్నకలు నుండి చీలిన శాఖామార్గము ఇల్లెందు బొగ్గుగనుల సీమకు పోవును. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దిలో త్రవ్వించిన చెరువు బయ్యారములో కలదు; దాని కట్టపై వేయించిన శాసనము కాకతీయ వంశచరిత్రకు ఒక ముఖ్యాధారము. రైలు, బొగ్గు, ఇనుము, నీరు ఇంత దగ్గరగా కూడిన తావులు తెలుగునాట తక్కువ. అయినను గార్ల నేటికిని ఒక మండల కేంద్రము మాత్రమే. పని వెదకుకొను యువకుడు ఆ స్టేషనులోనే బండి యెక్కి ఊరు విడిచి పోవుచున్నాడు.

చైనా దేశపు దక్షిణాంచలమున, హాంకాంగునకు ఆనుకొని, షెంజెన్ అను నగరము కలదు. అచట చెప్పుకోదగిన గనులు లేవు. 1979 నాటికి ఆ ప్రాంతమంతయు కలిపి జనసంఖ్య సుమారు 3 లక్షలు. 2020 జనాభా లెక్కలలో ఆ సంఖ్య 1 కోటి 75 లక్షలు దాటినది. 2018లో ఆ నగరపు వార్షికోత్పత్తి హాంకాంగు ఉత్పత్తిని మించినది. భూమిలో ఏమియు లేని ఊరు అంతటిదగుటకును, భూమినిండ సంపద గల సీమ ఉన్నచోటనే ఉండుటకును కారణమేమి? బయ్యారపు ఉక్కు కర్మాగారమును గూర్చిన చర్చ ముగియని ఈ దినములలో ఈ ప్రశ్న కేవలము పరదేశ వృత్తాంతము కాదు.

నది కిరువైపుల

షెంజెన్ అనగా పొలముల నడుమనున్న లోతైన కాలువ అని అర్థము. అది బెస్తపల్లెగా నుండి ఒక్కసారిగా మహానగరమైనదని లోకమున ఒక కథ వ్యాపించినది. అది సత్యము కాదు. అచట బావోఆన్ అను పురాతనమైన జిల్లాయు, సంతపట్టణమును ఉండెను. 1911లో కౌలూను నుండి కాంటనునకు రైలుమార్గము పూర్తియైనప్పుడు షెంజెన్ ఆ మార్గముపై చైనా వైపున మొదటి స్టేషను అయినది. గార్లకు వలెనే దానికిని రైలు కలదు. రైలు ఉండుట ఒక్కటే చాలదనుటకు ఆ ఊరే నిదర్శనము. రైలు వచ్చిన పిమ్మట డెబ్బది సంవత్సరములు అది సంతపట్టణముగానే ఉండెను.

1898లో బ్రిటిషువారు నదికి దక్షిణపు సీమను 99 సంవత్సరములకు కౌలునకు తీసికొనిరి. నాటి నుండి ఆ చిన్న నది రెండు రాజ్యముల నడుమ ఎల్లగా ఏర్పడినది. 1949 తరువాత ఆ ఎల్ల మూతపడినది. నదికి ఒక వైపున హాంకాంగు మిల్లులు, రేవులు, వ్యాపారము. రెండవ వైపున సమష్టి సేద్యము, కొరత. లోఫాంగ్ అను ఒక్క గ్రామపువారే నదికి ఇరువైపుల నివసించుచుండిరి. ఒడ్డు మారిన మాత్రమున వారి ఆదాయము పెక్కు రెట్లు మారుచుండెను. 1950 నుండి 1970ల వరకు వేలకు వేలు జనులు చీకటిలో ఈదియు, కంచెలు దాటియు హాంకాంగునకు పారిపోయిరి. 1962 వసంతమున ఆ వలస వెల్లువయైనది. పట్టుబడినవారికి చెర, మునిగినవారికి లెక్క లేదు.

1977లో డెంగ్ సియావోపింగ్ ఆ రాష్ట్రమునకు వచ్చినప్పుడు అధికారులు ఈ సంగతి విన్నవింపగా, ఇది సైన్యము చక్కబరచగల పని కాదు, దోషము మన విధానములో నున్నదని ఆయన పలికినట్లు చెప్పుదురు. పలికినది ఏ మాటయైనను, పిమ్మట జరిగినది ఆ భావమునకు అనుగుణముగానే జరిగినది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర నాయకుడు షీ జొంగ్‌షున్ 1979లో కేంద్రమునుండి కొంత స్వేచ్ఛ కోరెను. ధనము ఇయ్యజాలము, అధికారము ఇత్తుమని కేంద్రము సమ్మతించెను. 1980 ఆగస్టు 26న షెంజెన్ ప్రత్యేక ఆర్థిక మండలము శాసనబద్ధమైనది. జనులు ఏ ఒడ్డున కూలి దొరకునని పారిపోవుచుండిరో, ఆ కూలిని ఈ ఒడ్డునకు రప్పించుటయే దాని సారము.

చిన్న పనులతో ఆరంభము

తొలుత అచటికి వచ్చినవి మహా కర్మాగారములు కావు. హాంకాంగు వర్తకుడు గుడ్డయు, గుండీలును, బొమ్మల విడిభాగములును పంపును. నదికి ఈవల కూలీలు వానిని కుట్టి, కూర్చి, తిరిగి పంపుదురు. దీనికి షెడ్డులు, కరెంటు, రోడ్డు చాలును. షెకో తీరమున 1979లోనే ఒక పారిశ్రామికవాడ వెలసినది. ఈ చిన్న పనులలో చేయి తిరిగిన జనులే తరువాత పెద్ద పనులకు ఆధారమైరి. 1987లో అచట పుట్టిన హువావే సంస్థ తొలుత హాంకాంగు నుండి టెలిఫోను యంత్రములు తెచ్చి అమ్ముకొనుచుండెను. స్వయముగా తయారుచేయుట పిదప నేర్చినది.

రెండవ విశేషము భూమి. చైనాలో పట్టణభూమి ప్రభుత్వపుది, అమ్మకము లేదు. షెంజెనులో 1987 డిసెంబరు 1న ఒక స్థలపు వినియోగపు హక్కును బహిరంగముగా వేలము వేసిరి. మరుసటి సంవత్సరము దేశపు రాజ్యాంగమునే దానికి తగినట్లు సవరించిరి. మొదట పని జరిగినది, తరువాత చట్టము వచ్చినది. ఆ హక్కుల మీద వచ్చిన ధనముతోనే రోడ్లును, రేవులును నిర్మించిరి. కేంద్రము ధనము ఇయ్యలేదను లోటు ఆ విధముగా తీరినది.

ఈ ఆలోచన చైనావారి సొత్తు కాదు. 1965లోనే గుజరాతులోని కాండ్లాలో ఎగుమతి మండలము వెలసినది. ఆసియాలో అదియే మొదటిది. షెంజెను కంటె 15 సంవత్సరములు ముందు. అయితే కాండ్లా ఒక ప్రహరీలోని చిన్న మండలము. షెంజెన్ 327 చదరపు కిలోమీటర్ల సీమ. తెలుగునాట షెంజెనునకు పోలిక వెదకినచో తమిళనాటి ఎల్లను తడవద్ద 2008లో ఆరంభమైన శ్రీసిటీ కొంతకు సరిపోవును. చెన్నపట్టణపు రేవునకు చేరువ, ఎల్లకు ఈవల ఆంధ్రదేశపు రాయితీలు: సరిహద్దు చేసిన మేలు అది. 2015లో అచట ఫాక్స్‌కాన్ సంస్థ చైనా కంపెనీకి చేతి ఫోనులు కూర్ప నారంభించినది. షెంజెనులో 1980లలో జరిగిన పని ముప్పది సంవత్సరముల పిదప తెలుగు గడ్డకు వచ్చినది.

మూల్యము చెల్లించినవారు

షెంజెన్ కథలో భవనముల ఎత్తు చెప్పువారు ఎక్కువ. కూలీల కథ చెప్పువారు తక్కువ. ప్రత్యేక మండలమునకు హాంకాంగు వైపున ఒక ఎల్ల ఉండగా, మిగిలిన చైనా వైపున 80 కిలోమీటర్లకు మించిన మరియొక కంచె వేసిరి. స్వదేశీయులే అనుమతిపత్రము లేక లోనికి రారాదు. అట్లు వచ్చి పని చేసినవారికి నగరవాసులుగా నమోదు దొరకదు. బిడ్డల చదువునకును, వైద్యమునకును పుట్టిన ఊరే గతి. లక్షలాది యువతులు పిల్లలను తాత అవ్వల యొద్ద విడిచి వచ్చిరి.

1993 నవంబరు 19న ఝిలీ అను బొమ్మల కర్మాగారములో అగ్ని పుట్టినది. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళములు. ఎనభైకి పైగా కూలీలు మరణించిరి. వారిలో పెక్కుమంది దూరపు పల్లెల నుండి వచ్చిన యువతులు. మరుసటి సంవత్సరము చైనాలో కార్మిక చట్టము వచ్చినది. 2010లో ఫాక్స్‌కాన్ కర్మాగారములలో పదిమందికి పైగా యువ కార్మికులు ప్రాణములు తీసికొనిరి. ప్రపంచమునకు చౌకగా దొరకిన వస్తువుల వెనుక ఈ లెక్కయు కలదు.

పూర్వపు గ్రామస్థుల కథ వేరు. వారి పొలములు నగరములో కలిసినవి. కాని ఇండ్ల స్థలములు వారి చేతనే మిగిలినవి. ఆ స్థలములలో వారు అంతస్తుపై అంతస్తు కట్టి కూలీలకు అద్దెకిచ్చిరి. నగరము నడుమ ఇరుకు సందులతో అట్టి గ్రామములు వందలు మిగిలినవి. రైతు ఇంటి యజమానిగా మారినాడు. కూలీకి చౌకగా నీడ దొరకినది. కాని ఆ స్థలములకు విలువ పెరిగి, 2019లో బైషీజౌ వంటి చోట్ల పాతవి కూల్చి క్రొత్తవి కట్టబూనినప్పుడు స్థలము గలవారికి పరిహారము దొరకినది. అద్దెకున్నవారు మూటలు కట్టుకొని పోయిరి. భూమిపై హక్కు గలవాడు అభివృద్ధిలో భాగస్వామి యగును. హక్కు లేనివాడు దానికి కూలి యగును. షెంజెన్ నుండి తెలుసుకొనవలసిన ప్రధాన విషయమిదియే.

బయ్యారము మాట

ఈ దృష్టితో గార్ల సీమను చూడవలెను. 1871 ప్రాంతమున భూగర్భ శాస్త్రవేత్త డాక్టరు కింగ్ ఇల్లెందు చెంత బొగ్గు కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలైనది. ఆ బొగ్గు కొరకే డోర్నకలు కూడలి వెలసినది. గని సంస్థకు సింగరేణి అను పల్లె పేరు వచ్చినది. గనులు నేడు గోదావరి లోయ పొడవునకు వ్యాపించినవి. బొగ్గు బొగ్గుగానే పోయినది. దానిని మండించు మిల్లులును, వాని చుట్టును పెరిగిన పట్టణములును ఇతర చోట్ల వెలసినవి.

బయ్యారపు ఇనుము అట్లు పోరాదని జనులు పట్టుబట్టిరి. 2013లో ఆ ఖనిజమును విశాఖ ఉక్కు కర్మాగారమునకు కేటాయించినప్పుడు, బయ్యారపు ఉక్కు తెలంగాణ హక్కు అను నినాదము పుట్టినది. 1966లో విశాఖ కొరకు ఆంధ్రులు చేసిన నినాదమునకు అది ప్రతిధ్వని. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారమునకు గల సాధ్యాసాధ్యములను భారత ఉక్కు సంస్థ ఆరు నెలలలో పరిశీలింపవలెనని వ్రాసిరి. 2016లో జిల్లాలు మారి గార్ల, బయ్యారము మహబూబాబాదులో చేరినవి. చట్టములో జిల్లా పేరు అట్లే యున్నది. గుట్టలు వేరొక జిల్లాలో నున్నవి. 2022లో కేంద్రమంత్రి ఒకరు బయ్యారములో కర్మాగారము సాధ్యము కాదని ప్రకటించిరి.

ఇందుకు చెప్పు కారణము ఖనిజములో ఇనుము పాలు తక్కువనుట. సింగరేణి బొగ్గు కొలిమికి తగిన కోకు బొగ్గు కాదనుటయు సత్యమే. ఈ ఆక్షేపణలను త్రోసివేయరాదు. కాని విశాఖ కర్మాగారమునకు సొంత ఇనుపగని లేదు. బైలాడిల్లా నుండి ఖనిజము వచ్చును. కోకు కాని బొగ్గుతో ఇనుము చేయవచ్చునని 1980లోనే పాల్వంచలోని స్పాంజి ఐరన్ కర్మాగారము నిరూపించినది. తక్కువ పాలు గల ఖనిజమును శుద్ధిచేయు విధానములును కలవు. వ్యయము ఎంత యగునన్నదే ప్రశ్న. ఆ లెక్కను జనులముందు పెట్టుట న్యాయము. సాధ్యమైనచో పని ఆరంభింపవలెను. కానిచో ఆ సీమకు బదులేమి ఇత్తురో చెప్పవలెను. ఏదియు తేలక పది సంవత్సరములు గడచుట అన్నిటికంటె హానికరము. ఒక తరపు యువకులు ఆ ఎదురుచూపులోనే వయసు మళ్ళుచున్నారు.

షెంజెను రైతులకు లేని బలము బయ్యారపు గూడెములవారికి ఒకటి కలదు. ఆ ప్రాంతములలో పెక్కు అయిదవ షెడ్యూలు సీమలు. 1959 నాటి నిబంధనయు, దానిని సవరించిన 1970 నాటి 1వ నిబంధనయు గిరిజనుల భూమి అన్యుల పాలగుటను నిషేధించును. 1997లో సమతా వ్యాజ్యములో సుప్రీంకోర్టు షెడ్యూలు ప్రాంతములలో ప్రైవేటు సంస్థలకు గని కౌలు చెల్లదని తీర్పు చెప్పినది. గని లాభములో ఐదవ వంతుకు తక్కువ కాకుండ ఆ జనుల అభివృద్ధికి వేరుచేయవలెననియు అందు పలికినది. ఈ చట్టములను పరిశ్రమకు అడ్డుగోడలని కొందరు తలంతురు. షెంజెను చరిత్ర చూచినవారికి అవి కోయరైతును కూలీగా గాక వాటాదారుగా నిలుపు మార్గములని తోచును.

పెద్ద కొలిమి వచ్చువరకు చేయవలసిన పని లేకపోలేదు. షెంజెను బొమ్మలు కూర్చుటతో ఆరంభించెను. గార్ల సీమలో మిరప, ప్రత్తి, వరి పండును. మిరప మిరపగా, ప్రత్తి ప్రత్తిగా బండ్లకెక్కి పోవుచున్నంతకాలము వాని విలువలో అధికభాగము ఇతర పట్టణములకే చేరును. కారము ఆడించు మిల్లు, శీతల గిడ్డంగి, నూలు చుట్టు యంత్రము, వానిని నడుపు చేతులకు శిక్షణ: వీనికి శాసనసభలో చర్చ అక్కరలేదు. వీనిలో చేయి తిరిగిన యువకులున్న సీమకే పెద్ద పరిశ్రమలు వెదకుకొని వచ్చును.

షెంజెనులో నది మారలేదు, రైలు మారలేదు, మనుష్యులు మారలేదు. వారిని పారిపోకుండ కావలి కాయుట మాని, వారున్నచోట పని కల్పించుటకు ప్రభుత్వము నిశ్చయించుకొన్నది. గార్ల స్టేషనులో బండి కొరకు నిలిచిన యువకునకును కావలసినది అదియే. షెంజెను వలె కోటిన్నర జనుల నగరము కాదు. తన గుట్టలోని రాయికిని, తన చేలోని పంటకును తన ఊరిలోనే విలువ కట్టబడుట, ఆ విలువలో తన వంతు తనకు చేరుట. అంతమాత్రమును ఇయ్యజాలని అభివృద్ధికి ఎన్ని అంతస్తులున్నను ఆ యువకునకు ఒరుగునది లేదు.